ప్రార్థన దేనికి? కృతజ్ఞత యెందుకు?



నేను నివసించు అశోక్‌నగరు తెల్లవారుజాముననే మేలుకొనును. ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువజనులు జిల్లాల నుండి వచ్చి, ఇచ్చటి ఇరుకు గదులలో నలుగురైదుగురు కలిసి కాపురముందురు. ప్రొద్దుననే చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు పుస్తకములు చంకబెట్టుకొని పోవుదురు. వారిలో క్రైస్తవ కుటుంబమునకు చెందిన యువకుడొకడు ఒకనాడు నన్నొక ప్రశ్న యడిగెను. తాను రెండుసార్లు ప్రార్థించి పరీక్షకు పోయెనట, రెండుసార్లును తప్పెనట. ఊరిలో తల్లి మాత్రము ఇరుగుపొరుగు విశ్వాసులను పిలిచి, ఇంట కృతజ్ఞత కూడిక పెట్టించెనట. “ఏమి వచ్చినదని ఈ కృతజ్ఞత?” అని యతని ప్రశ్న. ఆనాడు నేను బదులు చెప్పలేకపోతిని. పిమ్మట చరిత్రలో వెదకితిని. నాకు దొరకిన దానిని మీతో చెప్పుకొందును.

ముందుగా మాటను చూతము. కృతజ్ఞుడనగా చేసిన మేలు నెరిగినవాడు. కోరిక రాబోవు దానివైపు చూచును. కృతజ్ఞత జరిగిన దానిని తలచుకొనును. క్రైస్తవ సంఘమువారు ప్రభువు బల్ల యాచారమునకు తొలి శతాబ్దములలోనే గ్రీకు భాషలో ‘యూకరిస్తియా’ యని పేరిడిరి. కృతజ్ఞత చెల్లించుట యని దాని యర్థము. యేసు తాను అప్పగింపబడిన రాత్రి రొట్టెను చేతబట్టి స్తుతి చెల్లించెను. ఆ రాత్రియే గెత్సేమనే తోటలో, తన యెదుటనున్న శ్రమ తొలగిపోవలెనని తండ్రిని వేడెను. ఆ శ్రమ తొలగలేదు. స్తుతియు, తీరని విన్నపమును ఒక్క రాత్రియందే జరిగినవి. క్రైస్తవ ప్రార్థనను గూర్చి మాటాడువారు ఈ సంగతిని మరువరాదు.

ఇట్టి నిదర్శనము మన తెలుగునాటను గలదు. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ తెల్లవారుచుండగా, ఒంగోలులో నొక చిన్న కొండమీద ఐదుగురు మోకరించిరి. అమెరికను బాప్టిస్టు మిషనరీయైన లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అను తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు అను ఇద్దరు స్త్రీలు. ఒంగోలునకొక బోధకుని పంపుమని వారు దేవుని వేడిరి. పండ్రెండేండ్లు గడచినవి. 1866లో జాన్ క్లౌ దొర ఆ యూరు చేరెను. ఆ కొండకు నేటికిని ప్రార్థన కొండ యనియే పేరు.

అటుపై పదియేండ్లకు ధాత కరువు వచ్చినది. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమున జనులు తిండిలేక లక్షలకొలది చనిపోయిరి. క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో నొక భాగమును గుత్తకు దీసికొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. అప్పుడు బాప్తిస్మము కోరి వచ్చినవారు అనేకులు. ఆయన వారికి బాప్తిస్మమీయ నిరాకరించెను. కూటికొరకు మతములో చేరిరను మాట వారికిని, సంఘమునకును కూడదని యాయన తలంపు. కరువు సాయము ముగియువరకు బాప్తిస్మములను నిలిపివేసెను. కూలియు, గంజియు నిలిచిన పిమ్మటగూడ వారు మరలి వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వేలంపల్లి చెంత, గుండ్లకమ్మ నదిలో, ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చువాని చేయి ఖాళీయైన తరువాతనే భక్తి నిగ్గు తేలునని ఈ చరిత్ర చెప్పుచున్నది.

ఇక మన పేటలకు మరలి వత్తము. చిక్కడపల్లికి, అశోక్‌నగరుకు అనతిదూరమున, గోల్కొండ చౌరస్తాయొద్ద హెబ్రోను అను ప్రార్థనామందిరము గలదు. దాని స్థాపకులైన భక్తసింగుగారు 1903లో పంజాబునందు సిక్కు కుటుంబమున జన్మించిరి. చదువు నిమిత్తము ఇంగ్లండునకు, పిదప కెనడాకు పోయిరి. 1928లో ఓడమీద నొక క్రైస్తవారాధనకు పోయి, అందరును మోకరింపగా తానొక్కడే వేరుగా నుండుట మర్యాద గాదని తానును మోకరించిరి. మర్యాదకై వంచిన ఆ మోకాళ్లు ఆయన బ్రదుకునే మార్చినవి. 1932లో వాంకూవరునందు బాప్తిస్మము పొంది, మరుసటి యేట స్వదేశము చేరిరి. 1941లో మద్రాసులో సంఘమును స్థాపించిరి. పిమ్మట హైదరాబాదు ఆయన పరిచర్యకు కేంద్రమైనది.

ఆయన పద్ధతిలో రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, పరిచర్య ఖర్చులకై మనుష్యుల నడుగకుండుట. అవసరము దేవునికే చెప్పుకొనవలెనని ఆయన నియమము. రెండవది, పంక్తి భోజనము. హెబ్రోనులో జరిగిన పరిశుద్ధ సమావేశములకు వేలమంది వచ్చి, పందిళ్లలో బసచేసి, నేలమీద వరుసలుగా కూర్చుండి కలిసి భుజించెడివారు. దానికి ప్రేమవిందని పేరు. కులమును బట్టి పంక్తులు వేరుపడు దేశములో, ఎవని ప్రక్కన ఎవడు కూర్చుండెనో యడుగని విందది. అన్నము పెట్టినవానికి వందనము చెప్పుట సులభము. ఆ యన్నమును ప్రక్కవానితో సమముగా పంచుకొనుట కష్టము. కృతజ్ఞత నోటనుండి విస్తరికి దిగినప్పుడే నిజమగుచున్నది.

భక్తసింగుగారు ప్రార్థింపగా స్వస్థత పొందితిమని సాక్ష్యము చెప్పినవారు అనేకులు. అట్టివారే తమ చివరి సంవత్సరములలో పార్కిన్సను వ్యాధిచే మంచము పట్టిరి. ఆ వ్యాధి వారిని విడువలేదు. 2000 సెప్టెంబరు 17వ తేదీన హైదరాబాదులో కన్నుమూసిరి. 22వ తేదీన నారాయణగూడ క్రైస్తవ సమాధిస్థలమున వారిని భూస్థాపితము చేసిరి. ఆనాడు అపారమైన జనసమూహము కూడినది. నేను చిక్కడపల్లి మీదుగా నారాయణగూడకు నడచిపోయి, ఆ సమాధిస్థలమున అప్పుడప్పుడు నిలుచుందును. ప్రార్థన బేరమైనచో, ఈయన లెక్క సరిపోలేదనవలెను. కాని ఆనాడు వచ్చినవారు లెక్క చూడ వచ్చినవారు కారు. చేసిన మేలు నెరిగి వచ్చినవారు.

అట్లని కోరుట తప్పని నేననుటలేదు. క్రీస్తు శిష్యులకు నేర్పిన ప్రార్థనలోనే అనుదినాహారము నడుగుట గలదు. బిడ్డ తల్లి నడుగక యెవరి నడుగును? అయితే అడుగుట యొక్కటే ప్రార్థనయైనచో, కోరిక తీరినను తీరకున్నను అది యంతటితో ముగియును. కృతజ్ఞత తోడైనప్పుడు మనుష్యుడు తనకు లేనిదానితోపాటు ఉన్నదానినిగూడ చూచును. తెలుగు క్రైస్తవ గృహములలో తల్లులు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు గుప్పెడు తీసి దేవునికని వేరుగా నుంచు నలవాటు గలదు. బియ్యము నిండుగానున్న దినమున మాత్రమే తీయునది గాదది.

ఆ యువకుడు పండుగకు ఊరికి పోయి వచ్చి, మొన్న మరల కనబడెను. తన ప్రశ్నను తల్లినే యడిగితినని చెప్పెను. ఆమె యిట్లనెనట: “పరీక్ష పోతే పోయింది బిడ్డా. నువ్వు ఇంటికొచ్చినవు. అందుకే పెట్టించిన.”

పరీక్ష తప్పిన పిల్లలందరును ఇల్లు చేరుటలేదని మా పేటలోనివారికి తెలియును. ఆ తల్లికిని తెలియును. నేను పుస్తకములలో వెదకిన బదులు ఆమెయొద్ద ముందే యున్నది. అతడు మరల చదువుచున్నాడు, మరల ప్రార్థించుచున్నాడు. ఇప్పుడు ముందుగా వందనము చెప్పి, పిమ్మట అడుగుచున్నానని నాతో ననెను.