వైద్యంలో ఏఐ: యంత్రం పొరపాటు చేస్తే బాధ్యత ఎవరిది?

పుట్టపర్తి ప్రశాంతిగ్రామంలో శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ 1991 నవంబరు 22న మొదలైంది. గుండె, కంటి ఆపరేషన్లు అక్కడ ఉచితం. ఈ కరువు సీమలో పేదోడికి డబ్బు అడ్డు అలా తొలగింది. కానీ ప్రతి పల్లెకూ స్పెషలిస్టు డాక్టరు రాలేడు. ఆ లోటు తీరుస్తానంటూ ఇప్పుడు కృత్రిమ మేధ, అంటే ఏఐ, వస్తోంది.

ఏం చేస్తుంది?
షుగర్ ముదిరితే కంటి లోపలి తెర, అంటే రెటీనా, దెబ్బతింటుంది. రెటీనా ఫొటో చూసి ఏఐ ఆ జబ్బును గుర్తుపడుతుంది. గూగుల్ తన ఏఐని మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ ఆసుపత్రులతో కలిసి తయారుచేసింది.

ఎక్కడ తడబడింది?
అదే ఏఐని థాయ్‌లాండ్‌లో 11 క్లినిక్‌లలో వాడి చూశారు. వెలుతురు సరిగా లేక, ఐదో వంతుకు పైగా ఫొటోలను అది చదవలేనంది. అలాంటివారిని మరో రోజు వేరే ఆసుపత్రికి వెళ్లమన్నారు. ఆ ఫలితాలు 2020లో వెలువడ్డాయి. మన దగ్గర కూలి పనివాడికి అలాంటి తిరుగుడు అంటే ఒక రోజు కూలి పోయినట్టే.

మన దేశంలో నియమాలు
• రోగనిర్ధారణకు వాడే సాఫ్ట్‌వేర్‌ కూడా 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాల నిర్వచనంలోకి వచ్చింది.
• భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది. ఏఐపై మనిషి పర్యవేక్షణ ఉండాలి, రోగి సమ్మతి తీసుకోవాలి, వివక్ష ఉండకూడదు అన్నది వాటి సారాంశం. అయితే ఇవి మార్గదర్శకాలే, చట్టం కాదు.
• 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దశలవారీగా అమలవుతోంది. దాని ప్రకారం సమ్మతి పత్రాన్ని ఇంగ్లిషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనాగానీ చదువుకునే వీలివ్వాలి. తెలుగు, ఉర్దూ రెండూ అందులో ఉన్నాయి. తెలుగు చదవడం రాని దాదీ, నానీ ఉర్దూలో అడగవచ్చు.

అసలు చిక్కు
డాక్టరు పొరపాటు చేస్తే అడగడానికి ఒక మనిషి ఉంటాడు. యంత్రం పొరపాటు చేస్తే కంపెనీ ఆసుపత్రిని, ఆసుపత్రి కంపెనీని చూపించే ప్రమాదం ఉంది. అందుకే చివరి మాట డాక్టరుదే కావాలి, ఆ మాట కింద సంతకమూ ఆయనదే ఉండాలి.

ఆసుపత్రిలో అడగాల్సినవి
1. ఈ రిపోర్టు డాక్టరు చూశారా, లేక యంత్రమే ఇచ్చిందా?
2. మా ఫొటోలు, రిపోర్టులు ఎవరి దగ్గరికి వెళ్తాయి?
3. ఏఐ వద్దంటే వైద్యం ఆగిపోతుందా?

ఇవి అడగడం డాక్టరును అనుమానించడం కాదు. రోగిగా అది మన హక్కు.