చుక్కలు, గళ్ళు, నకళ్ళు: కారంచేడు ప్రాంతపు భూమి లెక్కలు డేటాబేస్‌గా మారిన చరిత్ర

వ్యాససంగ్రహం: తీరాంధ్రలో గ్రామ భూమి లెక్కలు కరణాల కవిలెల నుంచి రిలేషనల్ డేటాబేస్‌లోకి మారిన క్రమాన్ని కారంచేడు ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విలువ స్వభావం, ప్రశ్న అడిగే తీరు, ప్రతుల మధ్య పొంతన అనే మూడు సమస్యలు కంప్యూటరుతో పుట్టినవి కావనీ, కాగితపు దస్త్రాల్లో అణగి ఉన్నవే యంత్రంలో బయటపడ్డాయనీ ప్రతిపాదిస్తుంది. ‘చుక్కల భూముల’ ఉదంతాన్ని ప్రత్యేకంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: అడంగల్, కరణం, జమాబందీ, ఆర్.ఎస్.ఆర్., చుక్కల భూములు, రిలేషనల్ డేటాబేస్, కారంచేడు.

1. ఉపోద్ఘాతం

కారంచేడు ఊరు కదలలేదు గాని దాని చిరునామా మాత్రం పలుమార్లు మారింది. 1953 అక్టోబరు 1 వరకు అది మద్రాసు రాష్ట్రంలోని గుంటూరు జిల్లా గ్రామం. తరువాత ఆంధ్ర రాష్ట్రంలోనిది, 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనిది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు గుంటూరు నుంచి విడిపోయింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో బాపట్ల, రేపల్లె ప్రాంతాలతో పాటు కారంచేడు కూడా చేరింది. పొరుగున ఉన్న తెనాలి గుంటూరులోనే మిగిలింది. ఒకే పొలానికి తాత పేర రాసిన దస్తావేజులో గుంటూరు జిల్లా అనీ, తండ్రి దస్తావేజులో ప్రకాశం జిల్లా అనీ, మనుమడి పాసుపుస్తకంలో బాపట్ల జిల్లా అనీ ఉండటం ఇక్కడ వింత కాదు. మనిషి చదివితే మూడూ ఒకటేనని గ్రహిస్తాడు. జిల్లా సంకేతాన్ని గ్రామ సంకేతంలో భాగంగా కలిపి గుర్తింపు సంఖ్య కట్టిన పట్టికకు మాత్రం అవి మూడు వేర్వేరు ఊళ్ళు.

ఇ. ఎఫ్. కాడ్ 1970 జూన్‌లో ప్రచురించిన పరిశోధన పత్రంలో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడు. సమాచారాన్ని పట్టికలుగా ఉంచాలనీ, ప్రతి వరుసనూ దాని విలువలతోనే గుర్తించాలనీ, ఎక్కడ దాచారన్న సంగతితో ప్రశ్న అడిగేవాడికి పని ఉండరాదనీ అందులోని సారాంశం. గ్రామ లెక్కలు అప్పటికే గళ్ళు గీసిన పట్టికలు కావటంతో వాటిని యంత్రంలోకి ఎక్కించటం సులువని తోచటం సహజం. ఆ సులువు పైకి కనిపించేది మాత్రమే.

2. కరణం కవిలె, తాలూకా నకలు

రైత్వారీ విధానంలో ఒక గ్రామపు లెక్క ఒక చోట మాత్రమే ఉండేది కాదు. కరణం దగ్గర అడంగల్, చిట్టా మొదలైన గ్రామ లెక్కలుండేవి. తాలూకా కచేరీలో వాటికి సరిపోలే లెక్కలుండేవి. కరణం పంట కాలంలో పొలం వెంట తిరిగి ఏ సర్వే నెంబరులో ఏ పైరు ఉన్నదీ, ఎవరు సాగు చేస్తున్నదీ రాసుకునేవాడు. ఏటా జరిగే జమాబందీలో పై అధికారి ముందు గ్రామ లెక్కనూ తాలూకా లెక్కనూ పోల్చి, తేడాలు దిద్ది, శిస్తును ఖాయపరిచేవారు. నేటి పరిభాషలో ఇది రెప్లికేషన్. ప్రధాన ప్రతిలోని మార్పులు నకలు ప్రతికి చేరాలి, చేరాయో లేదో ఎవరో ఒకరు సరిచూడాలి. ఇప్పటి సర్వర్లలో నకలు వెనకబడే వ్యవధిని క్షణాల్లో లెక్కిస్తారు, జమాబందీలో అది ఒక ఫసలీ. అయితే జమాబందీ చేసే ఒక పని యంత్రం చేసే రెప్లికేషన్‌కు చేతకాదు. యంత్రం తప్పును కూడా యథాతథంగా నకలు చేస్తుంది. జమాబందీ అధికారి కరణాన్ని నిలబెట్టి, ఈ అంకె ఎందుకు మారిందని అడిగేవాడు.

ఈ ఏర్పాటు ఒక్కసారిగా తెగిపోయింది. 1984 జనవరి 6న వెలువడిన ఆర్డినెన్సుతో ఎన్. టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు మొదలైన గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, కారంచేడు మండల కేంద్రమయింది. వంశపారంపర్య పెత్తనం పోవటం న్యాయమే, దానికి విచారించవలసిన పని లేదు. కాని ఏడాదిన్నర వ్యవధిలో ప్రధాన ప్రతి రాసేవాడూ, నకలు ప్రతి ఉండే కచేరీ, రెండూ మారిపోయాయి. ఫలానా గడిలో గీత ఎందుకు ఉందో, ఫలానా పేరు పక్కన అడ్డగీత ఏమిటో కరణానికి తెలుసు. ఆ తెలివిడి ఏ కవిలెలోనూ లేదు.

3. రిజిస్టరు కచేరీలోని సూచికలు

భూమి లెక్కకు రెండో పాయ రిజిస్ట్రేషన్ శాఖ. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులను 1వ పుస్తకంలో నకలు రాసి, వాటికి వేరుగా సూచికలు కట్టాలి. ఒకటవ సూచికలో వ్యక్తుల పేర్లు, రెండవ సూచికలో ఆస్తి వివరాలు ఉంటాయి. డేటాబేస్ నిపుణులు ‘ఇండెక్స్’ అనే మాటను ఏ అర్థంలో వాడుతున్నారో అదే అర్థంలో ఈ చట్టం వాడింది. ఋణభార ధ్రువపత్రం, అంటే ఈసీ, కావాలంటే గుమస్తా ఏటికేడు రెండవ సూచికను తిరగేయాలి. ముప్పై ఏళ్ళ ఈసీ అంటే ముప్పై ఏళ్ళ సూచికలు.

జె. సత్యనారాయణ నాయకత్వంలో రూపొంది, 1998 నవంబరు 4న ప్రారంభమైన ‘కార్డ్’ పథకం ఈ వెతుకులాటను రోజుల నుంచి నిమిషాలకు తగ్గించింది. ఆంధ్రప్రదేశ్‌లో కంప్యూటరు ఈసీ ఇప్పటికీ 1983 నుంచే దొరుకుతుంది. అంతకుముందు లావాదేవీల కోసం చేతిరాత పుస్తకాలే దిక్కు. 1983కు ముందు తాకట్టు పెట్టిన పొలానికి యంత్రం ఇచ్చే ‘ఏ భారమూ లేదు’ అనే జవాబుకు ‘నా దగ్గరున్నంతలో’ అన్న షరతు ఉంటుంది. కొనుగోలుదారు ఆ షరతు చదవడు.

4. గడిలో పట్టని విలువలు

సర్వే నెంబరు పేరుకే నెంబరు. 45/2ఎ అన్నదాన్ని కూడలేము, తీసివేయలేము. దాన్ని సంఖ్యగా నిర్వచిస్తే సబ్‌డివిజన్ పోతుంది. అక్షరమాలగా నిర్వచిస్తే 10 తరువాత 100, ఆ తరువాత 2 వస్తాయి. 12/3 అని రాస్తే కొన్ని స్ప్రెడ్‌షీట్లు దాన్ని తేదీగా మార్చేస్తాయి. మూల సంఖ్యను ఒక గడిలో, సబ్‌డివిజన్‌ను మరొక గడిలో ఉంచటమే దీనికి మార్గం.

విస్తీర్ణం సంగతి ఇంకా ఆసక్తికరం. తీరాంధ్రలో ఎకరానికి నూరు సెంట్లు. 17వ శతాబ్దపు ఆంగ్ల గణితజ్ఞుడు ఎడ్మండ్ గుంటర్ 66 అడుగుల గొలుసును నూరు లింకులుగా విభజించాడు (ఈ గుంటర్‌కూ గుంటూరుకూ ఏ సంబంధమూ లేదు). పది చదరపు గొలుసులు ఎకరం, వెయ్యి చదరపు లింకులు సెంటు. అందువల్ల 2.50 అంటే రెండున్నర ఎకరాలే, దశాంశం చక్కగా సరిపోతుంది. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు. అక్కడ 1.20 అంటే ఒక ఎకరం ఇరవై గుంటలు, అనగా ఎకరంన్నర. 1.20కి 1.30 కలిపితే యంత్రం 2.50 అంటుంది, నిజానికి అది మూడు ఎకరాల పది గుంటలు. 2014 దాకా ఒకే రాష్ట్రంగా ఉన్న రెండు ప్రాంతాల్లో ఒకే చుక్కకు రెండు అర్థాలున్నాయి.

సెంట్లలోనూ చిక్కు లేకపోలేదు. 0.10 వంటి విలువను ద్విసంఖ్యామానపు ‘ఫ్లోట్’ రకంలో ఖచ్చితంగా దాచలేము. వందల సబ్‌డివిజన్లను కూడినప్పుడు ఆ సూక్ష్మభేదం పైకి తేలి, సబ్‌డివిజన్ల మొత్తం మూల నెంబరు విస్తీర్ణానికి సరిపోవటం లేదన్న హెచ్చరిక వస్తుంది. స్థిర దశాంశ రకాన్ని ఎంచుకుంటే ఈ బాధ ఉండదు. అసలైన తేడాలు, అంటే కాగితంలో ఎక్కువ ఉండి పొలంలో తక్కువ ఉండటం వంటివి, అప్పుడే బయటపడతాయి.

పేర్ల విషయంలో రెండు శాఖల పట్టికలను కలపటం దాదాపు అసాధ్యం. వెంకటేశ్వర్లు, వేంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు ఒకే మనిషి కావచ్చు, ముగ్గురు కావచ్చు. 1991లో తెలుగు యూనికోడ్‌లో చేరినా, కార్యాలయాల్లో చాలాకాలం ఫాంటుకొక సంకేతపద్ధతి నడిచింది. యూనికోడ్‌లో కూడా హల్లు తరువాత కంటికి కనబడని విభాజకం ఒకటి ఉంటుంది. అది ఒక పట్టికలో ఉండి మరొకదానిలో లేకపోతే, తెరపై అచ్చం ఒకేలా కనిపించే రెండు పేర్లు యంత్రం దృష్టిలో వేరవుతాయి. ఫసలీ కూడా ఇటువంటిదే. అది జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది, క్రీస్తుశకంలోంచి 590 తీసివేస్తే వచ్చేది 1395 ఫసలీ వంటి సంఖ్య. దాన్ని తేదీ రకంలో పెడితే చెల్లదు, ఉత్త సంఖ్యగా పెడితే ఏ నెల ఏ ఫసలీదో యంత్రానికి తెలియదు.

5. చుక్క

పై చిక్కులన్నీ కార్యకర్తల సహనాన్ని పరీక్షించేవి. చుక్క రైతు బతుకునే పరీక్షించింది. బ్రిటిష్ కాలంలో తయారైన రీసెటిల్మెంట్ రిజిస్టరులో, అంటే ఆర్.ఎస్.ఆర్.లో, కొన్ని సర్వే నెంబర్ల ఎదుట పట్టాదారు పేరు ఉండవలసిన గడిలో చుక్కలు మాత్రమే ఉన్నాయి. హక్కుదారు తేలలేదనో, హాజరు కాలేదనో, అప్పటికి ఎవరూ లేరనో కారణాలు అనేకం కావచ్చు. చుక్క వాటిలో ఏదీ చెప్పదు.

రిలేషనల్ సిద్ధాంతంలో దీనికి సాటి ‘నల్’. నల్ అంటే సున్నా కాదు, ఖాళీ అక్షరమాల కాదు, ‘తెలియదు’ అని అర్థం. కాడ్ దీనికోసం నిజం, అబద్ధం, తెలియదు అనే మూడు విలువల తర్కాన్ని ప్రతిపాదించాడు. ఆ తర్కపు పర్యవసానం కొత్తవారిని కంగారుపెడుతుంది. పట్టాదారు ‘ప్రభుత్వం’ అయిన నెంబర్లు చూపమని అడిగితే నల్ వరుసలు రావు. ‘ప్రభుత్వం’ కాని నెంబర్లు చూపమన్నా అవి రావు. రెండు జాబితాల మొత్తం గ్రామ విస్తీర్ణానికి తక్కువ పడుతుంది. ‘ఏది నల్’ అని ప్రత్యేకంగా అడిగితేనే అవి కనిపిస్తాయి.

పరిపాలన ఈ మూడో విలువను సహించలేదు. చుక్కల భూములను ప్రభుత్వ భూములుగా పరిగణించి, రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో చేర్చారు. ‘తెలియదు’ కాస్తా ‘ప్రభుత్వానిది’ అయింది. తరాలుగా దున్నుకుంటున్నవారు అమ్మబోతే రిజిస్ట్రేషన్ జరగలేదు, తాకట్టు పెట్టబోతే బ్యాంకు ఒప్పుకోలేదు. కాగితం మీద వందేళ్ళు మౌనంగా ఉన్న చుక్క, జాబితా యంత్రంలోకి ఎక్కగానే అడ్డుగోడ అయింది. వెనుక గుమస్తాకు ఊరూ రైతూ తెలిసి ఉండేవి, తెర మీది నిషేధానికి ఆ ఎరుక లేదు. ఈ చిక్కును తీర్చటానికి 2017లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చుక్కల భూముల కోసం ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. 2023లో రెండు లక్షల ఎకరాలకు పైగా భూమిని నిషేధిత జాబితా నుంచి తొలగించారు. ఒక గడి విలువను ఎలా చదవాలన్నదాని మీద శాసనసభ చట్టం చేయటం డేటాబేస్‌ల చరిత్రలో అరుదైన సంగతే.

6. రెండు ప్రధాన ప్రతులు

రెవెన్యూ లెక్కలు వెబ్‌ల్యాండ్‌లో చేరి, 2015లో మీభూమి ద్వారా రైతుకు అందుబాటులోకి వచ్చాయి. అడంగల్, 1-బి కోసం కచేరీ చుట్టూ తిరిగే పని తగ్గింది. రిజిస్ట్రేషన్ పట్టిక, రెవెన్యూ పట్టిక మాత్రం చెరొక శాఖ చేతిలో ఉన్నాయి. రెండూ ప్రధాన ప్రతులే, ఏదీ దేనికీ నకలు కాదు. విక్రయం ఒకదానిలో నమోదై, మ్యుటేషన్ రెండోదానిలో జరిగేవరకు అమ్మినవాడే 1-బిలో యజమానిగా కనబడతాడు. ఆ సందులోనే ఒకే భూమి రెండుసార్లు అమ్ముడుపోయే అవకాశం ఉంది.

2020 డిసెంబరు 21న మొదలైన రీసర్వే మరో మార్పు తెచ్చింది. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నెంబరు స్థానంలో ఎల్.పి.ఎం. నెంబరు వచ్చింది, అంటే పట్టిక మూల కీలకమే మారింది. పాత దస్తావేజులన్నీ పాత కీలకంతో ఉన్నాయి కనుక పాతకూ కొత్తకూ నడుమ పొంతన పట్టిక ప్రాణప్రదం. పలువురు హక్కుదారులకు కలిపి ఒకే ఎల్.పి.ఎం. ఇచ్చినచోట్ల రైతులు గగ్గోలు పెట్టారు. ఒక గడిలో ఒక విలువే ఉండాలన్న కాడ్ మొదటి నియమం వారు చదివి ఉండరు. విడిగా అమ్ముకోవటానికి వీలులేదన్న సంగతి మాత్రం వారికి వెంటనే తెలిసింది.

7. గడి లేని మనుషులు

కారంచేడు పేరు దేశానికి తెలిసింది భూమి లెక్కలవల్ల కాదు. 1985 జూలై 17న, 1395 ఫసలీ మొదలైన పదిహేడవ రోజున, అక్కడి మాదిగపల్లెపై జరిగిన దాడిలో ఆరుగురు దళితులు హతులయ్యారు. తాగునీటి చెరువు దగ్గర మొదలైన తగాదా దానికి తక్షణ కారణం. బతికినవారు చీరాలకు తరలిపోయారు, అక్కడే వారి ఉద్యమ శిబిరం వెలిసింది, దళిత మహాసభ పుట్టింది. వారిలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. అడంగల్‌లో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు ఒక గడి ఉన్నాయి. కూలికి గడి లేదు. ఆ ఏడాది ఊరు విడిచిపోయినవారి జాడ కోసం భూమి పట్టికను ఏ ప్రశ్న అడిగినా సున్నా వరుసలే వస్తాయి. ఇక్కడ నల్ కూడా ఉండదు, ఎందుకంటే నల్ రాయటానికైనా గడి కావాలి.

అనుభవదారు గడి భవిష్యత్తు కూడా నిలకడగా లేదు. తెలంగాణలో 2020 నాటి కొత్త చట్టం, ధరణి వచ్చినప్పుడు ఆ గడిని తీసేశారు. ఆంధ్రప్రదేశ్ 2011లో సాగుదారుల కోసం ఒక చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం చేసింది. రెండో చట్టం కింద ఇచ్చే కౌలు కార్డుకు భూయజమాని అంగీకారం కావాలి, దాని గడువు పదకొండు నెలలు. భూమిపై హక్కుకు అది ఆధారం కాదని చట్టంలోనే ఉంది. పన్నెండో నెలలో అదే కౌలురైతు అదే చేలో నిలబడి ఉన్నా కార్డు చెల్లదు, మళ్ళీ యజమాని సంతకం కోసం వెళ్ళాలి.