గాజు పలక మీది గీత: బంగాళాఖాత ఉష్ణోగ్రతా రికార్డుల అంకెలీకరణ

1952లో అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ సి. లాఫాండ్ వాల్తేరుకు రావడంతో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రవిజ్ఞాన పరిశోధన ఊపందుకుంది. భారత నౌకాదళ నౌకల తోడ్పాటుతో జరిగిన ఆ పరిశీలనలలో ప్రధాన సాధనం బాతిథర్మోగ్రాఫ్. 1930ల చివర అథెల్‌స్టన్ స్పిల్‌హాస్ రూపొందించిన ఈ పరికరంలో, జైలీన్ నింపిన సన్నని గొట్టం వేడికి స్పందించి ఒక సూదిని కదుపుతుంది. నీటి పీడనం చిన్న గాజు పలకను జరుపుతుంది. పలక పూత మీద సూది గీసిన గీతే రికార్డు. అందులో అంకె ఒక్కటీ లేదు. గళ్ల పలకను ఆనించి, భూతద్దంలో చూసి, ఫారెన్‌హీట్ డిగ్రీలనూ అడుగుల లోతునూ మనిషే చదవాలి.

కనుక అంకెలీకరణ కేవలం నకలు రాయడం కాదు, ఒక వ్యాఖ్యానం. నిర్ణీత లోతుల వద్ద మాత్రమే విలువలు తీసుకుంటే వాటి మధ్యనున్న సన్నని మలుపులు జారిపోతాయి. శీతకాలంలో ఉత్తర బంగాళాఖాతపు ఉపరితలంలో నదుల మంచినీటి పొర చల్లబడి, దాని కింద వెచ్చని నీరు నిలుస్తుంది. లోతుకు పోయేకొద్దీ చల్లదనం పెరగాలన్న నియమంతో వడపోస్తే ఈ నిజమైన లక్షణమే పొరపాటుగా తొలగిపోతుంది.

కాలం నమోదు మరీ సున్నితమైనది. లాఫాండ్, పూర్ణచంద్రరావు 1954లో ఇక్కడి సముద్రపు ఉష్ణోగ్రతా నిర్మాణంలో ఆటుపోట్ల కాలావధితో నిలువు డోలనాలను వివరించారు. అర్ధదిన ఆటుపోటు చక్రం సుమారు 12 గంటల 25 నిమిషాలు. భారత కాలమానాన్ని గ్రీన్‌విచ్ కాలంగా భ్రమిస్తే వచ్చే తేడా ఐదున్నర గంటలు, అంటే దాదాపు సగం చక్రం. శిఖరం ఉండవలసిన చోట లోయ కనబడుతుంది!

హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్‌కు నేడు ఆర్గో తేలియాడు పరికరాల కొలతలు అంకెల రూపంలోనే అందుతున్నాయి. సముద్రం ఎంత వేడెక్కిందో తేల్చాలంటే వాటి పక్కన పాత కొలతలనూ నిలపక తప్పదు. 1993లో సిడ్నీ లెవిటస్ నాయకత్వంలో మొదలైన గోడార్ పథకం ప్రపంచమంతటా ఇటువంటి పాత రికార్డుల సేకరణకు పూనుకున్నది ఇందుకే.

అయితే సేకరణతో పని తీరదు. బాతిథర్మోగ్రాఫ్ తర్వాత వచ్చిన ఎక్స్‌బీటీ లోతును కొలవదు. పడిన సమయాన్ని బట్టి సూత్రంతో గణిస్తారు. ఆ సూత్రాన్ని 1995లో సవరించారు. పాత విలువకు ఆ సవరణ వర్తించాలంటే ఏ రకం పరికరం వాడారో, మొదట ఏ సూత్రంతో గణించారో తెలియాలి. అంకెల పట్టికలో ఆ రెండు గడులే తరచు ఖాళీగా ఉంటాయి.