డ్రాక్యులా నుంచి జిన్నా దాకా: హామర్ హారర్ సినిమాలు, వాటి నటులు

ఎర్రబడ్డ కళ్లు, రక్తం ఓడే కోరలు, నల్ల అంగీ... ఈ డ్రాక్యులాను రంగుల్లో చూపించింది బ్రిటన్‌కు చెందిన హామర్ ఫిల్మ్స్. 1934లో మొదలైన ఈ కంపెనీ, థేమ్స్ నది ఒడ్డున బ్రేలో ఒక పాత బంగళాను స్టూడియోగా మార్చుకుంది. బడ్జెట్ తక్కువ కాబట్టి ఒకే సెట్టును అటూ ఇటూ మార్చి ఇంకో సినిమాకు వాడేసేవారు.

'ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్' (1957), 'డ్రాక్యులా' (1958), 'ది మమ్మీ' (1959) కంపెనీకి పేరు తెచ్చాయి. మూడింటికీ డైరెక్టర్ టెరెన్స్ ఫిషరే.

వీటికి ప్రాణం పోసింది ఇద్దరు నటులు. సన్నగా, నెమ్మదిగా కనిపించే పీటర్ కుషింగ్ (1913-1994) ఫ్రాంకెన్‌స్టైన్‌గా, డ్రాక్యులాను వేటాడే వాన్ హెల్సింగ్‌గా చేశారు. ఆరడుగుల అయిదంగుళాల క్రిస్టఫర్ లీ (1922-2015) డ్రాక్యులా. 1966లో వచ్చిన 'డ్రాక్యులా: ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్'లో ఆయనకు ఒక్క డైలాగ్ కూడా లేదు, చూపులతోనే భయపెట్టారు. తెరమీద శత్రువులైనా బయట ఇద్దరూ మంచి దోస్తులు. 20కి పైగా సినిమాల్లో కలిసి నటించారు.

డ్రాక్యులా ముద్ర మాత్రం లీని వదల్లేదు. జమీల్ దెహ్లవీ తీసిన 'జిన్నా' (1998)లో ఆయన ముహమ్మద్ అలీ జిన్నా పాత్ర వేస్తే, "డ్రాక్యులా నటుడికి ఈ వేషమా?" అని పాకిస్తాన్ పత్రికల్లో గొడవ లేచింది. లీ వెనక్కి తగ్గలేదు. తాను చేసిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైన సినిమా అదేనని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. అదే సినిమాలో మన శశి కపూర్ కూడా ఉన్నారు.