మృత్సంస్కారము - మన యిండ్లలోని పూర్వవిద్య

కుమ్మరి యనగానే లోకమునకు సారె స్ఫురించును. తర్కశాస్త్రకారులును ఘటమునకు కారణములు చెప్పవలసి వచ్చినప్పుడు కులాలుని, దండమును, చక్రమును పేర్కొనిరి. కాని సారె నెక్కుటకు పూర్వము ఆ మన్ను ఎవరి చేతుల మీదుగా, ఎవరి పాదముల క్రిందుగా వచ్చినదో విచారించినవారు తక్కువ. ఈ సంచికను చదువు కులబంధువులకు మేము విన్నవింపదలచినది ఆ విషయమే.

మృత్సంస్కారము సారె కంటె ప్రాచీనము. 1957వ సంవత్సరమున ఆల్చిన్ పండితుడు నాటి మహబూబునగరు జిల్లాలోని ఉట్నూరు బూడిదదిబ్బను త్రవ్వించెను. క్రీస్తునకు పూర్వము మూడవ సహస్రాబ్ది నాటి ఆ స్థలమున దొరకిన కుండపెంకులలో అధికభాగము చేతితో చేసిన పాత్రలవే. ఆ కాలమున మన నేలపై సారె ప్రబలలేదు. మన్నును మెదిపి పదును చేయు విద్య మాత్రము ఉండెను.

వేదవాఙ్మయమును ఇందుకు సాక్ష్యమిచ్చుచున్నది. అగ్నిచయనమునందు నిప్పునుంచు 'ఉఖ' యను మట్టిపాత్రకై, పాడుపడిన చోట్ల దొరకు పెంకులను, గులకయిసుకను, మేకవెండ్రుకలను మన్నులో కలుపవలెనని తైత్తిరీయసంహిత విధించినది. అదే మన్నుతో 'అషాఢ' యను ఇటుకను యజమానుని పట్టమహిషి చేయవలెనని శతపథబ్రాహ్మణము చెప్పుచున్నది. సారెపై చేసిన కులాలుని పాత్ర అసురసంబంధమైనదని మైత్రాయణీసంహిత యన్నమాటయు కలదు. ఇది మనకు చేదైనను దాచదగినది కాదు. సారెను ఆక్షేపించిన కాలమునందును మన్ను కలిపిన చేతికి యజ్ఞశాలలో స్థానముండెను. ఆ చేయి స్త్రీది కూడ నయ్యెను.

ఇక మన యింటి సంగతి. మా బాల్యమున పనియంతయు వెనుక వసారాలోనే జరిగెడిది. రెండు గుంటలు, ఒక జల్లెడ, ఒక దుడ్డుకఱ్ఱ, కొన్ని గోనెసంచులు - ఇదియే సామగ్రి. వేసవిలో చెరువు ఎండినప్పుడు తెచ్చిన బంకమన్నును మా తల్లి ఎండబోసి, కొట్టి, వేళ్లను రాళ్లను ఏరి జల్లించును. తరువాత మొదటి గుంటలో నానబెట్టి కలియబెట్టును. బరువైన గులక అడుగున దిగగానే, పైనున్న చిక్కని నీటిని రెండవ గుంటలోనికి వంచును. అది గట్టిపడిన పిదప సన్నయిసుక చేర్చి, నడుమనుండి అంచునకు చుట్టుచుట్టుగా త్రొక్కి, చేతితో పిసికి, తడిగోనె కప్పి ఉంచును. మఱునాడు చిన్న వత్తిచేసి వ్రేలికి చుట్టును. పగిలినచో జిగురు చాలదు. మరల పదును చేయవలసినదే.

ఇందు ప్రతిపనికిని హేతువు కలదు. పిసుకుట చాలక గాలి చిక్కిన చోట గోడ బలహీనపడును. ఇసుకయు పెంకులపొడియు లోనితేమకు దారి నిచ్చి, ఎండునప్పుడు కుండ బీటలువాఱకుండ కాపాడును. సున్నపురాయి ముక్క యొకటి మిగిలెనా, అది ఆవములో కాలి పొడిసున్నమగును; తరువాత గాలిలోని తేమను పీల్చి ఉబ్బి, మంచి కుండనైనను పెచ్చు లేపును. అందుచేతనే మా తల్లి కన్ను మన్ను మీదనుండి మఱలెడిది కాదు.

ఆమెకు మేము చేసిన అన్యాయమొకటి ఇచ్చట చెప్పుకొనవలెను. మేము ఉపాధ్యాయవృత్తిలో క్రొత్తగా చేరిన దినములలో ఇంటివారి వివరముల పత్రమును మేమే పూరించితిమి. తండ్రిగారి పేరునకెదురుగా 'కుమ్మరము' అని వ్రాసితిమి. తల్లి పేరునకెదురుగా 'వృత్తి లేదు' అని వ్రాసితిమి. ఆ సమయమున ఆమె గుంటలో మన్ను త్రొక్కుచుండెను. మన యిండ్లలో సారె త్రిప్పుట ప్రాయికముగా పురుషుల పని యగుటచే, త్రిప్పనివారికి విద్య లేదని తలచితిమి. ఇంత సంస్కృతము చదివి, ఉపాదానకారణము లేనిదే ఘటము లేదని పిల్లలకు బోధించిన మేమే ఆ మాట వ్రాసితిమి!

2018వ సంవత్సరమునుండి ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ వారి పథకము క్రింద విద్యుత్తు సారెలును, మన్ను కలుపు యంత్రములును కుమ్మరులకు అందినవి. కాళ్ల నొప్పులెఱిగినవారెవరును వానిని కాదనరు. అయినను యంత్రము మన్నును కలుపును గాని, ఏ చెరువు ఏ మూలది కూజాకు తగును, దేనికెంత యిసుక పట్టును అని చెప్పజాలదు. ఆ యెఱుక వృద్ధస్త్రీల వ్రేళ్లయందున్నది, వారితోడనే పోవుచున్నది.

కావున మా విన్నపమొక్కటే. సభనుండి ఇండ్లకు మఱలిన పిదప ప్రతివారును తమ యింటి పెద్దామెను సమీపించి, మీ యూరి మన్ను వివరమును అడిగి కాగితముపై నెక్కింపుడు. పైన ఆమె పేరు వ్రాసి, వృత్తి యను చోట 'కుమ్మరము' అని వ్రాయుడు. మా తల్లి విషయమున మేము దిద్దుకొనలేకపోయిన అక్షరములవి.