ఇల్లే తొలి బడి

కోనసీమ యగ్రహారములలో తండ్రి చెప్పగా కుమారుడు వేదము వల్లించుట మీరెరిగినదే. తెలుగు కథోలికులకును ఇట్టి యింటి చదువే కష్టకాలమున దిక్కయ్యెను.

18వ శతాబ్దారంభమున ఫ్రెంచి జెసూట్ గురువులు పుంగనూరు ప్రాంతమున మతబోధ ప్రారంభించిరి. 1773లో పోపు 14వ క్లెమెంటు ఆ గురువుల సంఘమును రద్దుచేసెను. అంతట గురువుల రాక యరుదయ్యెను. అప్పుడు ఉపదేశులును, ఇంటి పెద్దలును జపములను, జ్ఞానోపదేశ ప్రశ్నోత్తరములను బిడ్డలకు నోటిపాఠముగా నేర్పిరి. అక్షరమెరుగని తల్లియు నేర్పగల విద్య యది.

బిడ్డల విద్యపై హక్కు రాజ్యముకంటె ముందు కుటుంబమునకే కలదని 1929లో పోపు 11వ పయస్సు తన లేఖలో వ్రాసెను. హక్కున్నచోట బాధ్యతయు నుండును.

పెద్దలారా! గురువు లేనప్పుడు ఇల్లే బడియయ్యెను. ఊరూర బడి యున్నదని యిల్లు తన పాఠము మానదగునా?