ప్రొబేషన్ ఆఫీసరు (బాలన్యాయము)

నేరారోపణకు గుఱియైన, 18 ఏండ్లు నిండని బాలబాలికల జీవనపరిస్థితులను విచారించి బాలన్యాయమండలికి నివేదించుటకును, విడుదల పొందినవారిని కనిపెట్టి యుండుటకును నియుక్తుఁడగు ఉద్యోగి. బోస్టన్ నగరమున 1841లో జాన్ ఆగస్టస్ అను పాదరక్షల పనివాఁడు ఒక త్రాగుబోతునకు జామీను నిలిచి విడిపించుకొని పోవుటతో నీ పద్ధతి మొదలైనది. మన దేశమున ‘బాలల చట్టము’ అను పేరిట శాసనము తొలుత వెలసినది 1920లో, మద్రాసు రాజధానియందు; నేఁడు అమలునందున్నది 2015 నాఁటి బాలన్యాయ చట్టము.

బాలుఁడు పట్టుబడెనని తెలిసినంతట, రెండు వారములలోఁగా సాంఘిక విచారణ నివేదికను మేజిస్ట్రేటును ఇద్దఱు సంఘసేవకులును గల మండలికి సమర్పింపవలెను. ఈ యుద్యోగమున కష్టమంతయు నందే కలదు; ఏలయన, గడపలోఁ గూర్చుండి తల్లి చెప్పు గోడును, బడి మానిన కారణమును, తండ్రి త్రాగుడును, స్నేహితుల నడవడిని, ఇరుగుపొరుగుల మాటలను వేర్వేఱుగ విని, వానిలో నిజమెంత, పాతపగ యెంత యని తూఁచి వ్రాయనిచో, పొరుగింటి వైరమే బాలుని శీలవర్ణనగాఁ గాగితమున కెక్కును. ప్రభుత్వపు జీపు వాకిట నిలిచిన వీధియెల్ల మూఁగును గనుక, దానిని సందుమొగలోనే విడిచి నడచిపోవుట మేలు.

సత్ప్రవర్తనపై విడుదల మూఁడేండ్లకు మించరాదు. తల్లిదండ్రులు పూచీపత్రము వ్రాసి యియ్యవలెను. నివేదిక రహస్యమే యైనను, అందలి సారమును బాలునకుఁగాని తల్లిదండ్రులకుఁగాని తెలిపి, తగిన సాక్ష్యము చూపుకొను నవకాశ మొసఁగు నధికారము మండలికిఁ గలదు.